మూడో అంతస్తు వసారా

హైదరాబాదు,
జూలై 2001

కృపా,

ఇవాళ ఆఫీసులో నా బల్ల మీద బెజవాడ మ్యాపు పరిచారు. బందరు కాలువ నీలం గీతలా పోతోంది. దాని పక్కనే ఎవరో ఎర్ర పెన్సిలుతో సన్నటి చార గీశారు. ఆ చారలో మన ఇళ్లున్నాయి. వేలు పెట్టి చూస్తే, మీ నాన్న మంచం వేసుకునే చోటు నా గోరు కింద ఉన్నట్టనిపించింది. చాలాసేపు వేలు తియ్యలేదు.

నువ్వు పనిచేసే కళ్లజోళ్ల షాపుకి ఫోను చేస్తే ఓనరు గడియారం వంక చూస్తాడన్నావు కదా, అందుకని రాస్తున్నాను. అయినా ఇది ఫోనులో చెప్పే మాట కాదు. కట్ట మీది ఇళ్లన్నీ తీసేసి, ఊరికి ఉత్తరాన పొలాలు పూడ్చిన చోట మేడల్లో ఇళ్లిస్తారట. కింద ఒక వరస, దాని మీద మూడంతస్తులు. ఆ ప్లాన్లు వేసే పని మా ఆఫీసుకి వచ్చింది. మా పెద్ద ఆర్కిటెక్టు బసవయ్యగారు నన్ను పిలిచి, "నువ్వు ఆ కట్ట మీదే పుట్టావు కదమ్మా, మొదటి గీత నువ్వే గియ్యి" అన్నారు. సంతోషించాలో ఏడవాలో తెలియక తల ఊపాను.

వారం రోజులుగా పాత డ్రాయింగులు తిరగేస్తున్నాను. పేదవాళ్ల కోసం ఇన్నేళ్లలో ఎవరెవరో గీసిన ఇళ్లు. అన్నిటికంటే పాత కాగితాల్లో విడివిడిగా ఒంటిగది ఇళ్లు. ముందు చిన్న వసారా, వెనక పెరడు, పెరట్లో ఒక చెట్టు కూడా గీశాడు ఎవడో మంచివాడు. తరవాతి కాగితాల్లో రెండిళ్లకీ మధ్య గోడ ఒకటే అయింది. ఆ తరవాత వరస ఇళ్లొచ్చి పెరడు పోయింది. మేడ మీద మేడ లేచాక వసారా పోయింది. ఊరు పెరిగేకొద్దీ ఇల్లు ఒళ్లు దగ్గరికి ముడుచుకుంటూ వచ్చింది. ఆ కాగితాలు వరసగా చూస్తుంటే నిద్రలో ఎవరో నెమ్మదిగా పక్కకి ఒత్తిగిలుతున్నట్టుంది.

మీ నాన్న, మా అందరి పెదనాన్న, రోజంతా ఎక్కడ కూర్చుంటాడో, ఎవరితో మాట్లాడతాడో రాయి. ఏం గియ్యాలో నాకు అక్కడి నుంచే తెలియాలి.

నీ
సబీహా


విజయవాడ, కాలువ కట్ట,
ఆగస్టు 2001

సబీహా,

నీ ఉత్తరం నాన్నకి చదివి వినిపించాను. కట్ట మీద ఈ కబురు ముందే తిరుగుతోంది కాబట్టి ఉలిక్కిపడలేదు. "మన సబీ గీస్తోందా, అయితే ఫర్వాలేదు" అన్నాడు.

నాన్న కళ్లు నువ్వు చూసినప్పటిలా లేవు. నీటికాసులు ముదిరిపోయాయి. వెలుగూ చీకటీ తెలుస్తాయి, వాటి మధ్య కదిలే నీడలు తెలుస్తాయి, అంతే. లాకుల దగ్గర గేట్లు ఎత్తుతూ దించుతూ ఉద్యోగమంతా నీళ్ల వంక చూసిన మనిషి కదా, ఇప్పుడు నీళ్లని వింటున్నాడు. పొద్దున ఎండ కాలువ మీద పడి, మా రేకుల కప్పు కింద వణుకుతుంది చూడు, అదొక్కటి ఆయనకి ఇంకా కనిపిస్తుంది. మంచం మీద వెల్లకిలా పడుకుని దాన్నే చూస్తాడు. ఆ కాసేపు ఆయన మొహం చిన్నపిల్లాడి మొహంలా ఉంటుంది.

తరవాత గడప మీదికొస్తాడు. కాళ్లు బయట, మనిషి లోపల. శౌరమ్మ చేపల గంప దించి ఊరి సంగతులన్నీ చెప్పి పోతుంది. మీ గుల్షన్ పిన్ని పరుపులు కుట్టే దూది ఎండబెట్టి, కాపలా పని నాన్నకి అప్పగిస్తుంది. కళ్లు లేని కాపలా. కాకులు కూడా భయపడుతున్నాయని ఆవిడ నవ్వుతుంది.

ఆయనేం కావాలన్నాడో ఉన్నదున్నట్టు రాస్తున్నా: "పడుకోడానికి ఎక్కడైనా పడుకుంటామే. కూర్చోడానికే చోటుండాలి. లోపలా కాదు, బజారూ కాదు. పోయేవాళ్లు మనల్ని చూసి ఆగాలి. అది గియ్యమను."

కట్ట వదలడానికి అందరూ ఏడుస్తున్నారనుకోకు. వానాకాలం నీళ్లు ఇళ్లలోకొచ్చినప్పుడల్లా శౌరమ్మ మనవరాలికి జ్వరమే. మొన్న మా పొయ్యి దగ్గర పాము చుట్టుకుని పడుకుంది. పక్కా ఇల్లు, కుళాయి, లోపలే బాత్రూము అంటే ఎవరికి చేదు? పైకెక్కితే మనల్ని ఎవరు పలకరిస్తారన్నదే అందరి బెంగా.

కృప


హైదరాబాదు,
అక్టోబరు 2001

కృపా,

గీశాను.

చల్లపల్లిలో మా అమ్మమ్మ వాళ్లుండే లైను ఇళ్లు గుర్తున్నాయా? వేసవి సెలవులకి ఒకసారి నువ్వూ వచ్చావు. పొడుగాటి పెంకుటిల్లు, ఎనిమిది గుమ్మాలు, ఆ గుమ్మాలన్నిటికీ కలిపి ఒకటే వసారా. ఒకరింట్లో పోపు పెడితే ఎనిమిదిళ్ల వాళ్లూ తుమ్మేవాళ్లు. ఆ లైనిల్లుని నిద్రలోంచి లేపి, దాని మీద ఇంకొకటి, దాని మీద ఇంకొకటి నిలబెట్టాను. ప్రతి అంతస్తులోనూ ఈ చివర నుంచి ఆ చివరికి ఒకే వసారా. తలుపులన్నీ దాని మీదికే తెరుచుకుంటాయి. మంచం వేసుకున్నా పక్క నుంచి బిందెతో మనిషి పోవచ్చు. పిట్టగోడ ఎత్తు పెదనాన్న మోచెయ్యి ఆనేంత.

బసవయ్యగారు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. "బాగుందమ్మా" అన్నారు. ఆయన నోటి నుంచి ఆ మాట రావడం ఆఫీసులో అందరూ విన్నారు.

ఇంటికొచ్చేటప్పుడు బస్సు కిటికీలోంచి ప్రతి మేడకీ నా వసారా తగిలించుకుంటూ వచ్చాను. ఊరంతా దీపాలు పట్టుకుని బయటికొచ్చి కూర్చున్నట్టు కనిపించింది.

సబీహా


విజయవాడ, కాలువ కట్ట,
జనవరి 2002

సబీ,

నీ వసారా సంగతి కట్ట మీద అందరికీ తెలిసిపోయింది. నేనే చెప్పాను. క్రిస్మస్ ప్రార్థన అయ్యాక టీ తాగుతూ చెబితే, కేకు పక్కన పెట్టేసి మరీ విన్నారు.

అప్పటి నుంచి ఎవరి కలలు వాళ్లకి. గుల్షన్ పిన్ని కలలో మూడో అంతస్తు నుంచి నేల దాకా తెల్లటి దుప్పట్లు వేలాడాయట, వాటి వెనక ఎవరో పాడుతున్నారట. శౌరమ్మ పుదీన కుండీలు ఎక్కడ పెట్టాలో ఇప్పటి నుంచే పక్కింటి వాళ్లతో వాదిస్తోంది. నాన్న కల అన్నిటికంటే పెద్దది. వసారా వసారానే కాలువలో దిగి బందరు వైపు సాగిపోయిందట. తలుపులన్నీ తెరిచే ఉన్నాయట. నాన్న ముందుండి లాకు గేట్లు తెరిపించుకుంటూ పోతుంటే రేవు రేవునా ఎవరో ఒకరు ఎక్కారట. ఎప్పుడో పోయిన మా అమ్మ ఎక్కింది. మీ నాన్న కరిముల్లా బాబాయి దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఎక్కాడట. "ఇరుకు కాలేదా నాన్నా?" అంటే, "సబీ వెడల్పుగానే గీసిందిగా" అన్నాడు.

నీకు చెప్పకుండా ఉండలేకపోయాను.

కృప


హైదరాబాదు,
ఫిబ్రవరి 2002

కృపా,

నీ ఉత్తరం అందింది. ఇక్కడ అప్పుడే ఎండలు మొదలయ్యాయి. అన్నయ్య వాళ్లు ఇల్లు మారారు, కొత్త అడ్రసు వెనక రాశాను. పని ఎక్కువగా ఉంది. పెదనాన్నకి చుక్కల మందు మానకుండా వెయ్యి.

సబీహా


విజయవాడ, కాలువ కట్ట,
ఏప్రిల్ 2002

సబీహా,

వేసవికని కాలువ కట్టేశారు. నీళ్లు లేవు. మా కప్పు కింద వెలుగు కూడా లేదు. నాన్న పొద్దున్నే లేచి పైకి చూసి మళ్లీ కళ్లు మూసుకుంటున్నాడు.

నీ ఉత్తరం ఆయనకి చదవలేదు. చదవడానికి అందులో ఏముంది? మందు చుక్కల గురించి రాశావు, ఎండల గురించి రాశావు. వసారా మాట ఒక్కటీ లేదు. నువ్వు బళ్లో లెక్క తప్పినప్పుడు కూడా ఇలాగే వాతావరణం గురించి మాట్లాడేదానివి.

ఏం జరిగిందో రాయి. నేను గట్టిదాన్నే.

కృప


హైదరాబాదు,
మే 2002

కృపా,

వసారా తీసేశారు.

బసవయ్యగారి మీద కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు. ఆయన నా డ్రాయింగు పక్కన కట్ట మీది కుటుంబాల జాబితా పెట్టారు. "ఉన్న స్థలం ఇంతే. వసారా ఉంచితే ఇళ్లు చాలడం లేదమ్మా. తీసేస్తే అందరికీ సరిపోతాయి. ఎవరికి ఇల్లు లేదని చెబుదాం? నువ్వే చెప్పు" అన్నారు. నీ దగ్గర జవాబుందా?

కొత్త ప్లాను కూడా నేనే గీశాను. నడుమ మెట్లు, మెట్ల చుట్టూ నాలుగు తలుపులు. మెట్ల దగ్గరి నడవ కొద్ది దూరం పోయి గోడకి తగిలి ఆగిపోతుంది. ఆ గోడకి ఆనించి అవతల ఇంకో బ్లాకు వస్తుంది కాబట్టి అక్కడ కిటికీ పెట్టే వీల్లేదు. ఇళ్లలోకి మాత్రం గాలీ వెలుతురూ వస్తాయి. ఇల్లుగా చూస్తే మంచి ఇల్లే.

ఒక్క మాట మిగిలింది. స్థలానికి దక్షిణం మూల మురుగుకాలువ వంకరగా పోతుంది. ఆ ముక్కలో ఈ ప్లాను పట్టదు. పొడుగ్గా, సన్నగా ఉండే మేడ ఒక్కటే పడుతుంది. "అక్కడ నా వసారా బ్లాకు కట్టనివ్వండి సార్" అని అడిగాను. చాలాసేపు కాగితం తిప్పి తిప్పి చూసి సరే అన్నారు. ఆ ఒక్క బ్లాకుకి వసారా ఉంటుంది. అందులో ఎవరికి వస్తుందో లాటరీ తేలుస్తుంది.

పెదనాన్నకి ఎంత చెప్పాలో నీ ఇష్టం. ఆయన కలలోని ఆ పడవలో అందరినీ ఎక్కించాక నేను రేవు తీసేశాను.

సబీహా


విజయవాడ, కొత్త కాలనీ,
డిసెంబరు 2003

సబీ,

వసారాలో కూర్చుని రాస్తున్నాను. మూడో అంతస్తు.

ఇన్నాళ్లూ రాయలేదని తిట్టుకుని ఉంటావు. కట్ట ఖాళీ చేసిన రోజుల గురించి ఎలా రాయాలో తెలియలేదు. రేకులు విప్పుతుంటే నాన్న పక్కనే నిలబడి, తీసిన ప్రతి రేకునీ తడిమి పక్కన పెట్టించాడు. అన్నీ తీశాక, గడప ఉన్న చోట కాసేపు కూర్చున్నాడు. చుట్టూ ఏమీ లేదు, నాన్న ఒక్కడూ గాలిలో కూర్చున్నట్టున్నాడు. లారీ వాడు కూడా హారన్ కొట్టలేదు.

లాటరీలో మాకు మూడో అంతస్తు వచ్చింది. శౌరమ్మది మా కిందే. గుల్షన్ పిన్నికి నేల మీదే దొరికింది, పరుపుల పనికి వీలుగా.

వసారా నువ్వు గీసినట్టే ఉంది. పొద్దున్నే పొలాల మీద మంచు పరుచుకుంటుంది. తాటిచెట్ల తలలు మాత్రం పైకి తేలి, మంచు కింద ఇంకో ఊరుందేమో అనిపిస్తుంది. దూరంగా రైలు పోతుంది కానీ రైలు కనిపించదు, కూత ఒక్కటే తెల్లటి దాన్ని చీల్చుకుంటూ పోతుంది. సాయంత్రం నాన్న ఇక్కడ కుర్చీలో కూర్చుంటాడు. పిట్టగోడ మీద మోచెయ్యి సరిగ్గా ఆనింది, నీ లెక్క తప్పలేదు. ఈ వరసలో వాళ్లంతా ఆగి పలకరిస్తారు. ఎవరో ఒకరు టీ ఇస్తారు.

నువ్వు బెంగపెట్టుకోకు. నాన్న బాగున్నాడు.

కృప


హైదరాబాదు,
మార్చి 2004

కృపా,

శుక్రవారం నేను మీ కాలనీకి వచ్చాను.

తరవాతి విడత ఇళ్ల కోసం స్థలం చూడటానికి బసవయ్యగారితో వచ్చాను. ఆయన్ని స్థలం దగ్గర వదిలి, నీకు చెప్పకుండా వచ్చి ఆశ్చర్యపెడదామని నేరుగా దక్షిణం మూల బ్లాకుకి వెళ్లాను. మూడో అంతస్తు ఎక్కి మొదటి తలుపు తట్టాను. అబ్దుల్లా అనే ఆయన తలుపు తీశాడు.

"జీవరత్నం గారిల్లు ఏదండీ?"

"ఆయనది ఇక్కడ కాదమ్మా. అదిగో, ఆ ఎదురు బ్లాకు. సాయంత్రం ఇక్కడికే వస్తారు. కూర్చోండి, కుర్చీ ఆయనదే."

కూర్చున్నాను. ఎండ తగ్గేసరికి ఎదురు బ్లాకు మెట్లలోంచి పెదనాన్న బయటికొచ్చాడు. గుల్షన్ పిన్ని చెయ్యి పట్టుకుంది. మధ్యలో ఉన్న మట్టిదారి దాటారు. మళ్లీ మూడంతస్తుల మెట్లు. ప్రతి మలుపులోనూ ఆగిన చప్పుడు పై నుంచి విన్నాను. పైకొచ్చి, కుర్చీ తడిమితే నా చెయ్యి తగిలింది.

"ఎవరమ్మా?" అన్నాడు.

పిన్ని చెబుతుందేమోననుకున్నాను, ఆవిడ నన్ను చూసి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆయనే నా చేతివేళ్లు తడిమి, "పెన్సిలు పట్టి పట్టి కాయ కాసింది. సబీవి కదూ" అన్నాడు.

చీకటి పడక ముందే నేనే ఆయన్ని ఇంటికి తీసుకెళ్లాను. ఆ మెట్లు కూడా నేను గీసినవే కృపా. కాగితం మీద అవి చక్కగా ఉన్నాయి. ఎక్కుతుంటే, బయట ఇంకా వెలుతురుండగానే బావిలో నడిచినట్టుంది. నాలుగు తలుపులూ మూసే ఉన్నాయి. నడవ చివర గోడ దగ్గర నిలబడి, నువ్వు షాపు నుంచి వస్తే ఏం మాట్లాడాలో ఆలోచించుకున్నాను. రైలు టైమైందని పెదనాన్నకి చెప్పి వచ్చేశాను.

డిసెంబరు నుంచి నీ ఉత్తరం ఎన్నిసార్లు చదువుకున్నానో. ఎందుకలా రాశావు?

సబీహా


విజయవాడ, కొత్త కాలనీ,
ఏప్రిల్ 2004

సబీ,

ఆ ఉత్తరం నిజంగానే అబ్దుల్లా గారి గుమ్మం ముందు కూర్చుని రాశాను. మూడో అంతస్తే. మాదీ మూడో అంతస్తే. రాసిన ప్రతి మాటా అక్కడి నుంచి చూసి రాసిందే. ఒక్క సంగతి రాయలేదు, అంతే. నువ్వు అంత పోట్లాడి ఒక్క వసారా తెచ్చావు. అది మాకు రాలేదని రాయడానికి చెయ్యి రాలేదు.

అబ్దుల్లా గారు ఇల్లు మార్చుకుందామన్నారు. ఆఫీసులో రాసివ్వకుండా ఊరికే తాళాలు మార్చుకుంటే చాలన్నారు. నాన్న ఒప్పుకోలేదు. "ఆయన ఇంట్లో ఏడుగురు. ఆ చీకట్లో పసిపిల్లలతో ఎలా దిగుతారు? నాకు చీకటి అలవాటేగా" అన్నాడు. అని నవ్వాడు కూడా. నాకు నవ్వు రాలేదు.

ఇంకోటి కూడా రాసేస్తున్నా, ఇక ఏదీ దాచను. ఆ వసారాలో కొందరు తమ గుమ్మం ముందు ఇటుకలు కట్టి గది చేసుకుంటున్నారు. అబ్దుల్లా గారి కూతురు కాన్పుకి వస్తోంది, ఆయనా కడతారు. నాన్న ఎదుట చెప్పలేక నాకు చెప్పుకుని బాధపడ్డారు. వాళ్లని ఏమనగలం? గది కావాలి కదా. రంజాను, క్రిస్మసు, పెళ్లి, చావు అన్నీ ఒక గదిలోనే అయితే మనిషి గుమ్మం బయటికే పెరుగుతాడు.

ఆ కుర్చీ ఇంక ఎక్కువ రోజులుండదు. నాన్నకి తెలుసు. వెళ్లినప్పుడల్లా పిట్టగోడని ఈ చివర నుంచి ఆ చివరికి ఒకసారి నిమురుతున్నాడు.

నువ్వు మా మెట్ల మీద ఒక్కదానివే నిలబడి వెళ్లిపోయావని తెలిసి నాకు రెండు రోజులు అన్నం దిగలేదు. ఈసారి నేనొచ్చేదాకా ఉండు.

కృప


హైదరాబాదు,
జూన్ 2004

కృపా,

మీ నడవ చివర గోడ తలలోంచి పోవడం లేదు. అవతల ఇంకో బ్లాకు వచ్చి ఆనుకుంటుందని కదా దాన్ని మూసేసి గీశాను. ఆ బ్లాకు రాలేదు. పునాదులకి తవ్వితే నీళ్లూరాయని, ఆ వైపు కట్టడం మానేశారు. తరవాతి విడత మొత్తం అవతలి పొలంలోకి పోయింది. అంటే ఆ గోడ వెనక ఏముంది? ఏమీ లేదు. ఆకాశం ఉంది.

డ్రాయింగు తీసుకుని బసవయ్యగారి దగ్గరికెళ్లాను.

"తీస్తే మేడకేమీ కాదు కదా?" అన్నారు.

"కాదండీ. బరువంతా స్తంభాల మీదే. అది ఊరికే నింపిన గోడ."

"ఇళ్లేమైనా తగ్గుతాయా?"

"ఒక్కటి కూడా తగ్గదు సార్."

ఆయన పెన్సిలు తీసుకుని, నేను గీసిన గోడని తన చేత్తో చెరిపేశారు. అక్కడ నడుమెత్తు పిట్టగోడ ఒకటి గీసి, "నేనూ ఆ రోజు చూశానమ్మా ఆ మెట్లు. నిన్ను వెతుక్కుంటూ వచ్చి, మొదటి అంతస్తు దాకా ఎక్కి దిగేశాను" అన్నారు. కొత్త విడత ఇళ్లన్నిటికీ నడవ చివర తెరిచే ఉంటుంది, ఒక మంచం పట్టేంత వెడల్పుతో. మీ బ్లాకులకి గోడలు తీయించడానికి పై ఆఫీసుకి రాశారు. ఒప్పుకున్నారు.

వసారా కాదు. మంచం పట్టేంత చోటు. నాకు చేతనైంది అంతే.

సబీహా


విజయవాడ, కొత్త కాలనీ,
ఆగస్టు 2004

సబీ,

నిన్న గోడ తీశారు.

తాపీమేస్త్రి లాజరు ఇద్దరు మనుషులతో వచ్చాడు. మొదటి దెబ్బకే అందరం తలుపులు తీశాం. ఒక ఇటుక అవతలికి పడింది, ఆ కంతలోంచి ఎండ కర్రలా లోపలికొచ్చి ఎదురింటి తలుపు మీద ఆగింది. దుమ్ము అందులో తిరుగుతూ ఉంటే పిల్లలు చేతులు పెట్టి ఆడుకున్నారు. మధ్యాహ్నానికి గోడ లేదు. అంత పెద్ద ఆకాశం మా మెట్ల పక్కనే ఇన్నాళ్లూ ఉందని నాకు నమ్మకం కుదరలేదు.

ఎదురింటావిడని అప్పుడే సరిగ్గా చూశాను. ఎనిమిది నెలలుగా ఎదురుబొదురుగా ఉన్నాం, చీకట్లో ఒకరినొకరు తప్పుకుని దిగడమే గాని మొహం తెలియదు. పేరు రామతులసి. బుగ్గ మీద పుట్టుమచ్చ ఉంది. "మీరింత చిన్నవాళ్లని అనుకోలేదండీ" అంది నన్ను చూసి.

పిట్టగోడ కట్టడం అయ్యేదాకా నాన్నని లోపలే కూర్చోబెట్టాం. సాయంత్రం తీసుకొస్తే, సిమెంటు ఇంకా తడిగానే ఉంది. చెయ్యి పెట్టొద్దన్నా వినలేదు, పెట్టాడు. వేళ్ల గుర్తులు పడ్డాయి. మేస్త్రి సరిచెయ్యబోతే రామతులసి వద్దంది.

మంచం వేశాం. సరిగ్గా పట్టింది. కింద నుంచి శౌరమ్మ, గుల్షన్ పిన్ని వచ్చారు. అబ్దుల్లా గారు మనవణ్ణి ఎత్తుకుని ఇన్ని మెట్లూ ఎక్కొచ్చి, పిల్లాణ్ణి నాన్న ఒళ్లో పెట్టారు. ఎవరూ ముఖ్యమైన మాటేదీ మాట్లాడలేదు. పుదీన గురించి, కుళాయి నీళ్ల గురించి మాట్లాడారు. పొద్దు వాలుతుంటే ఒక్కొక్కరి మొహం మీదా వెలుగు మెల్లగా పాకుతూ పోవడం నేను చూస్తూ కూర్చున్నాను.

అన్నం వేళయింది, లోపలికి రమ్మన్నాను.

"ఇక్కడికే తెచ్చెయ్యవే" అన్నాడు నాన్న.

తెచ్చాను. నేను కూర్చునేలోపు రామతులసి తన కంచం కూడా పట్టుకొచ్చింది.

కృప